మేస్త్రీ లేని వలస

పాలమూరు నుంచి కూలికి పోయిన తరాలకు భాష రాకపోవడం పెద్ద అడ్డంకి కాలేదు. డ్యాముల కట్టల మీద, కాల్వల వెంట, బొంబాయి పూనా బిల్డింగుల మీద పనిచేసినవాళ్లకు ఆ ఊళ్ల భాష ఎవరూ నేర్పలేదు. అవసరం పడలేదు కూడా. గుంపంతా ఒకే చోట గుడిసెలు వేసుకునేది. వాటి మధ్య తెలుగే నడిచేది. బయటి మనిషితో మాట్లాడాల్సి వస్తే గుంపు మేస్త్రీ మాట్లాడేవాడు. ఆ సుఖానికి ఒక ధర ఉండేది. మాట మేస్త్రీ నోట్లో ఉంది కాబట్టి లెక్క కూడా మేస్త్రీ చేతిలోనే ఉండేది. ఎంత మట్టి తీశారని ఇంజనీరు రాసుకున్నాడు, రేటు ఎంత ఒప్పుకున్నారు, ముందు తీసుకున్న అడ్వాన్సులో ఎంత తెగింది, ఇవన్నీ మేస్త్రీ చెబితేనే కూలీకి తెలిసేది.

ఇప్పుడు ఇవే జిల్లాల నుంచి మనుషులు ఒక్కొక్కరుగా దేశం దాటుతున్నారు. దేవరకొండ వైపు తండాల నుంచి డ్రైవర్లు, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు నుంచి తాపీ పనివాళ్లు, ఇంటి పనికి కువైట్ పోయే ఆడవాళ్లు, నల్లగొండలో నర్సింగ్ చదివి జర్మనీ వీసా కోసం తిరుగుతున్న పిల్లలు. వీళ్ల వెంట గుంపు లేదు. నా వాదన ఒక్కటే: ఒంటరిగా పోయే మనిషి తనకు తానే మేస్త్రీ. కాబట్టి మేస్త్రీ దేని కోసం పరాయి భాష నేర్చుకున్నాడో వీళ్లూ ముందు దాని కోసమే నేర్చుకోవాలి. అంటే లెక్క, కాగితం. వాటికి తోడు ఒంట్లో బాధ చెప్పుకునే నాలుగు మాటలు. కబుర్ల భాష తర్వాత నెమ్మదిగా వస్తుంది. మనవాళ్లు చేసేది దీనికి తిరగేసి. ఫోన్‌లో "బాగున్నారా, మీ పేరేంటి" దగ్గర మొదలుపెడతారు, అంకెల దాకా రాకముందే విమానం ఎక్కుతారు.

పోయాక భాష అదే వస్తుందని ధైర్యం చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. ఆ మాట సగమే నిజం. దుకాణంలో గల్లా దగ్గర నిలబడేవాడికి వస్తుంది, ఎందుకంటే రోజంతా వచ్చినవాళ్లు అవే పది మాటలు అడుగుతారు. ఇంటి పనికి కుదిరిన మనిషికి ఆ ఒక్క ఇంటి భాషే వస్తుంది, అదీ తే, పెట్టు, కడుగు అనే వరకే. లేబర్ క్యాంపులో ఉన్నవాడికి అరబ్బీ రానే రాదు. అతని చుట్టూ ఉండేది హిందీ, బెంగాలీ, నేపాలీ. ఐదేళ్లు గల్ఫ్‌లో ఉండి హిందీ నేర్చుకుని తిరిగొచ్చినవాళ్లు మన పల్లెల్లో చాలామంది ఉన్నారు.

దీనికి మించిన చిక్కు ఒకటుంది. సంతకాలన్నీ దాదాపుగా మొదటి రెండు మూడు వారాల్లోనే అయిపోతాయి. పని ఒప్పందం, మెడికల్ పరీక్ష, వేలిముద్రలు, బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, రూము కిరాయి. భాష అన్నిటికన్నా ఎక్కువ అవసరపడే రోజులూ, భాష ఏమాత్రం రాని రోజులూ అవే. అందుకే నేర్చుకునేది ఇక్కడ ఉన్నప్పుడే. వీసా, మెడికల్, టికెట్ మధ్య రెండు మూడు నెలలు ఎట్లాగూ ఎదురుచూపే. రోజుకు అరగంట చొప్పున 90 రోజులంటే 45 గంటలు. పూర్తి భాషకు అది చాలదు. లెక్కకు, కాగితానికి, ఒంటికి చాలు.

"మాకు తెలుగు తప్ప ఏ భాషా రాదు" అనే మాటను కూడా నేను ఒప్పుకోను. లంబాడీ పిల్లవాడు ఇంట్లో గోర్ మాట్లాడతాడు, బడిలో తెలుగు, బస్టాండులో హిందీ. నారాయణపేట, మక్తల్ బజారులో తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే బేరంలో కలుస్తాయి. వాళ్లకు వాటిని ఎవరూ పుస్తకం పెట్టి నేర్పలేదు. ఇక గల్ఫ్‌కు పోయేవాళ్లైతే సగం సామాను నోట్లోనే పెట్టుకుని పోతారు. నిజాం కాలంలో కచేరీల్లో, అంతకుముందు ఫార్సీ దస్త్రాల్లో నడిచిన మాటలు మన ఊరి తెలుగులో కలిసిపోయాయి. వాటిలో చాలా వాటి పుట్టుక అరబ్బీలో. తారీఖు, ఇసాబు, బాకీ, హక్కు, హాజరు, ఖాళీ, జవాబు, కలం, కుర్చీ, దుకాణం, కిస్తు, ఖలాస్. సౌదీలో ఫోర్‌మన్ "ఖలాస్" అంటే పని అయిపోయిందని. మన దగ్గరా అంతే. "హిసాబ్" అంటే ఇసాబే, "బాకీ" అంటే బాకీయే, "హాజిర్" అంటే హాజరే. ఇట్లాంటివి ఒక 50 మాటలు నోట్‌బుక్కులో రాసుకుంటే సున్నా నుంచి మొదలుపెడుతున్నామన్న భయం ఆ రోజే పోతుంది.

అయితే అందులోనే గోతులు కూడా ఉన్నాయి. మన దగ్గర మాఫీ అంటే రద్దు చేయడం. రుణమాఫీ తెలియనివాళ్లు లేరు. గల్ఫ్ మాటల్లో "మాఫీ" అంటే "లేదు". "ఫులూస్ మాఫీ" అంటే డబ్బులు లేవని. "ఇజాజా మాఫీ" అంటే సెలవు లేదని. బాకీ గురించి మాట్లాడేటప్పుడు "మాఫీ" వినబడితే మాఫ్ చేశారనుకుని తల ఊపకూడదు. "గరీబ్" అంటే అక్కడ బీదవాడు కాదు, పరాయివాడు. "వకీల్" అంటే ఎవరి తరఫునైనా పని నడిపే ప్రతినిధి. కోర్టు వకీలును "ముహామీ" అంటారు. మనకు "ఫుర్సత్" అంటే తీరిక, వాళ్లకు "ఫుర్సా" అంటే అవకాశం.

మాట్లాడే అరబ్బీని పుస్తకం అరబ్బీలో వెతకొద్దు. న్యూస్ చదివే భాష వేరు, బజారులో నడిచేది వేరు. దేశాన్ని బట్టి కూడా మారుతుంది. నీళ్లను సౌదీలో "మోయా" అంటే కువైట్, దుబాయ్ వైపు "మాయ్" అంటారు. రేపు అనడానికి ఒకచోట "బుక్రా", ఇంకోచోట "బాచిర్". అందుకని ఏ దేశానికి పోతున్నారో ఆ దేశం నుంచే తిరిగొచ్చిన మనిషిని పట్టుకోవాలి. అడగాల్సిందీ "అరబ్బీ నేర్పు" అని కాదు. "నీ పనిలో పొద్దటి నుంచి రాత్రి వరకు నీకు ఏమేం చెప్పేవాళ్లు, నువ్వు ఏమేం అడిగేవాడివి" అని అడగాలి. తాపీ మేస్త్రీకి కావాల్సిన 40 మాటలు, హౌస్ డ్రైవరుకు కావాల్సిన 40 మాటలు ఒకటి కావు. ఆ మాటలను అతని గొంతులోనే ఫోన్‌లో రికార్డు చేసుకోవాలి. తెలుగు అక్షరాల్లో రాసుకోవడం జ్ఞాపకానికి మంచిదే, ఉచ్చారణకు మాత్రం దాన్ని నమ్మకూడదు. అరబ్బీలో గొంతు లోపలి నుంచి వచ్చే కొన్ని శబ్దాలకు మనకు అక్షరాలే లేవు. ఇంకోటి, మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ప్రతి పరాయి మాటకూ చివర ఒక "ఉ" తగిలిస్తాం. బ్యాంక్ బ్యాంకు అవుతుంది. అరబ్బీలో తలుపును "బాబ్" అంటారు, మనం "బాబు" అంటాం. ఎదుటివాడికి అర్థం కాకపోవడానికి చాలాసార్లు కారణం ఈ చివరి ఉకారమే. నేర్చుకునేటప్పుడే దాన్ని కోసేయాలి.

అంకెల దగ్గర ఎక్కువసేపు ఆగాలి. ఒప్పందంలో, చేతిరాత బిల్లులో, జీతం కాగితంలో అరబ్బీ అంకెలు రావచ్చు. ఉన్నవి పదే, ఒక ఆదివారం కూర్చుంటే వచ్చేస్తాయి. సున్నా అంటే చిన్న చుక్క. మన సున్నాలా గుండ్రంగా కనిపించేది ఐదు. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. మన ఏడులా కనిపించేది అక్కడ ఆరు. రెండు వేళ్లు విప్పి పైకి చూపినట్టుండేది ఏడు, గుడిసె కప్పులా కిందికి వాలినది ఎనిమిది. ఒకటి, తొమ్మిది మనకు తెలిసినట్టే ఉంటాయి. అక్షరాలను కుడి నుంచి ఎడమకు చదివినా సంఖ్యను ఎడమ నుంచి కుడికే చదవాలి. సౌదీలో బండి నంబరు ప్లేటు మీద రెండు రకాల అంకెలూ ఉంటాయి, రోడ్డు మీద ఉచితంగా దొరికే పలక అది. పాలమూరు, నల్లగొండ పట్నాల్లో ఉర్దూ మీడియంలో చదివిన సార్లు ఉంటారు. అరబ్బీ అక్షరాలు 28. అవన్నీ ఉర్దూలో ఉన్నవే కాబట్టి రోజుకో గంట చొప్పున వాళ్లు మూడు వారాల్లో నేర్పగలరు. ఒక్క జాగ్రత్త, ఉర్దూలో 4, 6 లాంటి కొన్ని అంకెల రూపం అరబ్బీకి కొంచెం వేరు.

నోటితో చెప్పే సంఖ్యలో ఇంకో తిరకాసు ఉంది. మనం ఇరవై ఐదు అంటాం. అరబ్బీలో "ఖమ్సా వ ఇష్రీన్", అంటే ఐదూ ఇరవై. జర్మన్‌లోనూ అంతే, "ఫ్యున్‌ఫ్ ఉండ్ ౘ్వాన్‌ౘిగ్". ముందు విన్న అంకె ముందు రాసేస్తే 25 కాస్తా 52 అవుతుంది. ఫోన్ నంబరు, గది నంబరు, మందు డోసు, అన్నిట్లో వచ్చే తప్పు ఇది. మందు: విన్న సంఖ్యను వేళ్ల మీదో కాగితం మీదో వెంటనే చూపించి అవునా అని అడగడం.

డబ్బుల్లో మూడో తిరకాసు. సౌదీ రియాలుకు 100 హలలాలు, దిర్హమ్‌కు 100 ఫిల్స్. కానీ కువైట్, బహ్రెయిన్ దినార్లకు 1000 ఫిల్స్, ఒమన్ రియాలుకు 1000 బైసాలు. అందుకే అక్కడ ధరలో చుక్క తర్వాత మూడు అంకెలు ఉంటాయి. కువైట్‌లో 1.250 అంటే పన్నెండు వందల యాభై కాదు, ఒకటింబావు దినారు. జర్మనీకి పోతే సరిగ్గా తలకిందులు. అక్కడ వేలకు చుక్క, పైసలకు కామా. 1.500,00 అంటే పదిహేను వందల యూరోలు.

తారీఖులు కూడా చూసుకోవాలి. సౌదీలో 2023 చివర్లో ప్రభుత్వ పనులకు చాలావరకు ఇంగ్లీషు క్యాలెండరు లెక్క తెచ్చారు కానీ హిజ్రీ తారీఖు ఉన్న కాగితాలు ఇప్పటికీ కనిపిస్తాయి. హిజ్రీ ఏడాదికి 354 లేదా 355 రోజులు. మన ఊళ్లో పీర్ల పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరగడం అందరూ చూసిందే, కారణం ఇదే. అఖామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు, గడువు హిజ్రీలో రాసి ఉంటే "ఇంకా ఏడాది ఉంది" అనుకునే లెక్క పది పదకొండు రోజులు తప్పుతుంది.

ఇక కాగితం. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ రకం, అంటే ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమైనది. వాళ్లు గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే ఈ-మైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా ఎమిగ్రేషన్ క్లియరెన్సు తప్పనిసరి. పని ఏమిటో, జీతం ఎంతో, ఎన్ని గంటలో అందులో ఎక్కుతుంది. ఇన్సూరెన్సు కూడా దానితోనే వస్తుంది, ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోగల ఫీజు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. విజిట్ వీసా మీద పంపి అక్కడ మార్పిస్తామనే దళారి ఈ మొత్తం రక్షణను తీసి పక్కన పెట్టిస్తున్నాడన్నమాట. భాష రాని మనిషికి ఈ రక్షణ రెండింతలు అవసరం, ఎందుకంటే ఆ కాగితం ఇక్కడే, అడిగి అర్థం చేసుకోగల చోటే తయారవుతుంది. దాన్ని ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి వాట్సాప్‌లో ఉంచాలి. దిగాక ఇంకో ఒప్పందం ముందు పెడితే పక్కపక్కన పెట్టి పోల్చాల్సింది నాలుగే: ప్రాథమిక జీతం, గంటలు, ఎన్నేళ్లు, పని పేరు. ఈ నాలుగింట్లో మూడు అంకెలే. పైన చెప్పిన పది అంకెలు వస్తే ముప్పావు ఒప్పందం చదవగలిగినట్టే.

సౌదీలోనైనా ఎమిరేట్స్‌లోనైనా గొడవ కోర్టుకు పోతే చెల్లేది అరబ్బీ పాఠం. పక్కన ఇంగ్లీషులో ఏముందన్నది తర్వాతి మాట. ఎమిరేట్స్ 2016లో ఉద్యోగ ఆఫర్ లెటరును కూలీ సొంత భాషలో కూడా ఇచ్చే ఏర్పాటు చేసినప్పుడు హిందీ, ఉర్దూ, తమిళం, మలయాళం, బెంగాలీ పెట్టారు. తెలుగు పెట్టలేదు. లక్షలమంది తెలుగువాళ్లు పనిచేసే చోట ఇది మన ప్రభుత్వాలు గట్టిగా అడగాల్సిన విషయం. అప్పటివరకు ఉర్దూ చదవగలిగినవాళ్లు ఉర్దూ ప్రతి, హిందీ చదవగలిగినవాళ్లు హిందీ ప్రతి అడిగి తీసుకోవాలి.

అన్నిటికన్నా ప్రమాదమైన సంతకం మొదటిది కాదు, ఆఖరిది. ఇంటికి పంపేటప్పుడు చేతిలో టికెట్ పెట్టి "ముఖాలసా" మీద సంతకం చేయమంటారు. ఖలాస్ నుంచి వచ్చిన మాటే. నాకు రావాల్సిందంతా వచ్చింది, కంపెనీ మీద నాకే బాకీ లేదు అని దానర్థం. అందులో "ఇస్తలమ్తు" అనే మాట ఉంటుంది: నాకు ముట్టింది అని. ఆ రెండు మాటల రూపాన్ని ఉర్దూ సార్ చేత అరబ్బీ అక్షరాల్లో పెద్దగా రాయించుకుని, కళ్లతో గుర్తుపట్టేదాకా చూడాలి. పైసలు ఖాతాలో పడ్డాకే సంతకం. ముందే పెట్టక తప్పకపోతే, ముట్టిన మొత్తం ఎంతో సంతకం పక్కన అంకెల్లో రాసి, ఆ కాగితాన్ని ఫోటో తీసుకోవాలి.

పోలీసు స్టేషన్‌లోనో మరో కచేరీలోనో అర్థం కాని కాగితం ముందు పెడితే రెండు మాటలు చాలు. తర్జుమా మనకు తెలిసిన మాట, తర్జుమా చేసేవాణ్ని "ముతర్జిమ్" అంటారు. భారత రాయబార కార్యాలయాన్ని "సిఫారా హిందియ్యా" అంటారు. అరెస్టైన విదేశీయుడు తన దేశపు కాన్సులేటుకు కబురు పంపమని అడిగే హక్కు 1963 నాటి వియన్నా ఒప్పందం 36వ అధికరణంలో ఉంది. "ముతర్జిమ్, సిఫారా" అని శాంతంగా మళ్లీ మళ్లీ అనడం మౌనంగా సంతకం పెట్టడం కన్నా ఎన్నో రెట్లు మేలు.

ఒంటి సంగతి. నొప్పిని "అలమ్" అంటారు. ఆ మాట అని చేయి పెట్టి చూపిస్తే ఎక్కడ నొప్పో తెలుస్తుంది. చూపించి చెప్పలేనివి మూడు: షుగరు, బీపీ, ఏ మందు పడదో. వీటిని "సుక్కర్", "దగ్త్", "హస్సాసియ్యా" అంటారు. రోజూ వేసుకునే గోలీల బ్రాండు పేరు అక్కడ ఎవరికీ తెలియకపోవచ్చు. డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్ లాంటిది, ఎక్కడైనా తెలుస్తుంది. దాన్ని, ఎన్ని మిల్లీగ్రాములో రాసుకోవాలి. కోడీన్, ట్రామడాల్ ఉన్న మందులు గల్ఫ్‌లో కట్టడి కింద ఉంటాయి, చీటీ, అనుమతి లేకుండా పట్టుకుపోకూడదు. వంటింటి మూటలో గసగసాలు అసలే వద్దు. మనకు మసాలా, అక్కడ అది మత్తుమందు కేసు. విమానాశ్రయంలో అది కూర కోసమని వివరించే భాష మన దగ్గర ఉండదు. అంబులెన్సు నంబరు సౌదీలో 997, ఎమిరేట్స్‌లో 998. మంటలార్పే వాళ్ల నంబరు సరిగ్గా తలకిందులు, సౌదీలో 998, ఎమిరేట్స్‌లో 997. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మారినవాళ్లు పాత నంబరే కొడతారు.

జర్మనీ సంగతి వేరు. అక్కడ భాష రాకపోతే వీసా దగ్గరే ఆగిపోతారు, నర్సులైతే మరీను. చాలా రాష్ట్రాల్లో నర్సుగా గుర్తింపుకు బీ2 స్థాయి, అంటే ఏ1, ఏ2, బీ1 తర్వాతి నాలుగో మెట్టు, అడుగుతారు. జర్మన్ నేర్పే గ్యోటే ఇన్‌స్టిట్యూట్ లెక్కన సున్నా నుంచి బీ2 దాకా 45 నిమిషాల పాఠాలు 600 నుంచి 800 కావాలి. రోజుకు నాలుగు, వారానికి ఐదు రోజులు అనుకుంటే 30 నుంచి 40 వారాలు. "నాలుగు నెలల్లో బీ2" అని గోడల మీద రాసేవాళ్లను ఈ ఒక్క భాగహారంతో కొలవండి. పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగింట్లో ఒక్కోదాంట్లో 60 రావాలి. మనవాళ్లు ఎక్కువగా వినడంలో పోతారు. గుర్తింపు వచ్చేదాకా సహాయకురాలి పని, సహాయకురాలి జీతం. అందుకే ఇక్కడ గడిపే ప్రతి అదనపు నెల అక్కడ డబ్బుగా మారుతుంది.

ఇంగ్లీషులో ఎమ్మెస్ కాబట్టి జర్మన్ అక్కర్లేదని పోయే పిల్లలకు మాత్రం అసలు చిక్కు కాలేజీ బయట మొదలవుతుంది. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు మున్సిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించాలి, దాన్ని "ఆన్‌మెల్డుంగ్" అంటారు. ఇంటి ఓనరు రాసిచ్చే ధ్రువీకరణ లేకుండా అది జరగదు. ఆ కాగితం ఇవ్వనంటున్న గది ఎంత చవకైనా తీసుకోవద్దు. కిరాయి ప్రకటనలో "కాల్ట్‌మీటె" అంటే చల్లని కిరాయి, గది వరకే. "వార్మ్‌మీటె" అంటే హీటింగ్, నిర్వహణ ఖర్చులు కలిపినది, కరెంటు చాలాసార్లు దాని బయటే. పోస్టులో వచ్చే ఉత్తరాల్లో మూడు మాటలు వెతకాలి: "ఫ్రిస్ట్" అంటే గడువు, "మానుంగ్" అంటే కట్టలేదని హెచ్చరిక, "క్యుండిగుంగ్" అంటే రద్దు. కోర్టు, ప్రభుత్వ ఆఫీసుల నోటీసు పసుపు కవరులో వస్తే ఆ కవరును పారేయొద్దు. దాని మీద పోస్టుమన్ రాసిన తారీఖు నుంచే గడువు నడుస్తుంది. జరిమానా నోటీసుకు అభ్యంతరం చెప్పే గడువు రెండు వారాలే. ఇక టైము: "హల్బ్ డ్రై" అంటే మాటకు మాట "అర మూడు". తెలుగు చెవికి అది మూడున్నరలా వినబడుతుంది, నిజానికి రెండున్నర. వీసా ఆఫీసు అపాయింట్‌మెంటుకు గంట ఆలస్యంగా పోతే మళ్లీ నెలల ఎదురుచూపు.

తెలుగు మనకు అడ్డమని ఎవరు చెప్పారో కానీ, చాలాచోట్ల అదే దగ్గరి దారి. జర్మన్‌లో జెడ్ అక్షరానికి పలికేది మన ౘలి, ౘుక్కల్లోని ౘ శబ్దమే. రైలును "ౘూక్" అంటారు. ఇంగ్లీషు అలవాటులో "జూగ్" అనడం వల్లే తప్పు వస్తుంది. జపనీస్ అయితే ఇంకా దగ్గర. "తోక్యో ని ఇకిమాస్ కా" అంటే "టోక్యో-కి పోతారు-ఆ". వరుస కూడా మారలేదు. క్రియ చివర, విభక్తి పేరు తర్వాత, ప్రశ్న ఆఖర్న. దాన్ని ఇంగ్లీషు వాక్యంగా మార్చి మళ్లీ తిప్పి నేర్చుకోవడం మక్తల్ నుంచి రాయచూర్ పోవడానికి హైదరాబాద్ మీదుగా తిరగడం లాంటిది. 2019లో జపాన్ మొదలుపెట్టిన నైపుణ్య కార్మికుల వీసాకు జపనీస్ భాషా పరీక్షల్లో జేఎల్‌పీటీ ఎన్4 గానీ జేఎఫ్‌టీ-బేసిక్ గానీ పాస్ కావాలి, ముసలివాళ్ల సంరక్షణ పనికైతే ఆ రంగపు జపనీస్ పరీక్ష అదనం. మొదటి మెట్టు 46 హిరగానా, 46 కతకానా అక్షరాలు. గుణింతాలు, ఒత్తులు దాటి వచ్చినవాళ్లకు ఇది కొండ కాదు.

రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీ, జపాన్ పోయేవాళ్లకు భాషా శిక్షణ పెడుతోంది. మంచిదే. కానీ గల్ఫ్‌కు పోయే కూలీకి, ఇంటి పని మనిషికి దొరికేది ప్రయాణానికి ముందు ఒక్కరోజు అవగాహన తరగతి. ఆ ఒక్కరోజులో చట్టాలు, బ్యాంకు, ఇన్సూరెన్సు అన్నీ చెప్పాలి, భాషకు మిగిలేది ఏముంటుంది? అంకెలు, పది కాగితపు మాటలు, ఐదు దవాఖాన మాటలు నేర్పే రెండు వారాల సాయంత్రం బడి జిల్లాకొకటి పెట్టడానికి పెద్ద ఖర్చేం కాదు. ఉర్దూ సార్లు ఉన్నారు, తిరిగొచ్చినవాళ్లు ఉన్నారు, బడి గదులు సాయంత్రం ఖాళీగానే ఉంటాయి.

ఫోన్ ఉంది కదా అంటారు. ఉంది, దాన్ని వాడే తీరు తెలియాలి. తెలుగులో మనం కర్తను మింగేస్తాం. "పంపలేదు" అని టైపు చేస్తే ఎవరు పంపలేదో యంత్రం ఊహిస్తుంది. "కంపెనీ నాకు మార్చి నెల జీతం పంపలేదు" అని రాయాలి. ఒక వాక్యంలో ఒక్క సంగతే. వచ్చిన అనువాదాన్ని మళ్లీ తెలుగులోకి తిప్పి చూడాలి, "లేదు" మాయమైందేమో అన్నది ముఖ్యంగా. చేతిరాతను కెమెరా సరిగా చదవదు. ఆఫ్‌లైన్‌లో పనిచేసే భాషా ఫైళ్లను ఇంటి దగ్గరే దించుకోవాలి. దుబాయ్ పోయేవాళ్లకు ఇంకో మాట: అక్కడ వాట్సాప్ మెసేజీలు నడుస్తాయి, కాల్స్ నడవవు. ఊళ్లో చదువుకున్న తమ్ముడికి ఫోన్ కలిపి మాట్లాడిద్దామని లెక్క వేసుకుంటే ఆఫీసు కౌంటరు దగ్గర అది తెగిపోతుంది. బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌ను ముందే పెట్టుకుని, ఇంటివాళ్ల ఫోన్‌లో కూడా పెట్టించాలి.

మనోళ్ల రూము గురించి కూడా చెప్పాలి. కొత్తగా దిగిన మనిషికి సొంత ఊరివాళ్ల గది ఎంత ఆసరానో నాకు తెలుసు, దాన్ని వదలమని అనను. కానీ ఆర్నెల్ల తర్వాత కూడా బ్యాంకుకు, దవాఖానకు, ఆఫీసుకు అదే అన్న వెంట రావాల్సి వస్తే ఆ అన్నే కొత్త మేస్త్రీ. అతను మంచివాడైనా అతనికీ డ్యూటీ ఉంటుంది, అతనూ ఒకరోజు ఊరికి పోతాడు. మొదటి నెల అతను మాట్లాడితే వినాలి. రెండో నెల తాను మాట్లాడి అతన్ని పక్కన ఉంచుకోవాలి. మూడో నెల ఒక్కడే పోయి రావాలి, చిన్న పనితో మొదలుపెట్టి, సిమ్ రీచార్జో, డబ్బు పంపడమో. ఏటీఎం పిన్ మాత్రం మొదటి రోజు నుంచీ ఎవరికీ చెప్పకూడదు.

పోయే ముందు రోజు చేయాల్సిన పని ఒకటి. పోస్టుకార్డంత అట్టముక్క మీద ఒకవైపు తెలుగులో, రెండోవైపు ఆ దేశపు లిపిలో ఇవి రాయించుకోవాలి: పేరు, పాస్‌పోర్టు నంబరు, రక్తం గ్రూపు, రోజూ వేసుకునే మందు, పడని మందు, పనిచేసే చోటు చిరునామా, ఎంబసీ నంబరు, ఇంట్లో ఒకరి నంబరు +91తో సహా. దుబాయ్‌లో భారతీయ కార్మికుల సహాయ కేంద్రం నంబరు 800 46342 కూడా. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి ఫోన్‌తో కాకుండా విడిగా, చొక్కా లోపలి జేబులో ఉంచుకోవాలి. అలాంటిదే రెండోది ఇంట్లో, దీపం గూట్లోనో బీరువా తలుపు లోపలో, ఇంటి ఆడవాళ్లకు అందే చోట అంటించి పోవాలి. అక్కడి నుంచి ఎవరో పరాయి భాషలో ఫోన్ చేస్తే ఏం చదివి చెప్పాలో వాళ్లకు తెలియాలి.